మా ఇంటి రెండు థైరాయిడ్ సీసాలు

నా తోటికోడలి టీఎస్‌హెచ్ ఒకటి పాయింట్ తొమ్మిది. ఈ సంగతి ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో గానీ, నాకు మాత్రం నా సెల్ నంబరు కన్నా బాగా గుర్తుంది. ఆ రోజు నాది నాలుగు పాయింట్ ఒకటి. ఇద్దరి రక్తమూ ఒకే పొద్దున, ఒకే అమ్మాయి, మా ఎల్బీనగర్ ఇంటి హాల్లో ఒకే సోఫా మీద కూర్చోబెట్టి తీసుకుంది. సాయంత్రానికి రెండు రిపోర్టులూ ఒకదాని కింద ఒకటి మా ఆయన వాట్సాప్‌కు వచ్చాయి. ఆయన చదివి, "ఇద్దరికీ నార్మలే" అని ఫోను పక్కన పెట్టి టీవీ పెట్టుకున్నాడు. మగవాళ్లకు అంకెలు ఎంత తొందరగా అర్థమైపోతాయో అని నాకు ఒళ్లు మండింది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తాను. కానిస్టేబుల్ ఉద్యోగాలకూ, గ్రూప్స్‌కూ చదివే పిల్లలు. మెట్రో దిగి బయటికొస్తే చాలు, గోడల మీద, స్తంభాల మీద, ఆటోల వెనక, ఎక్కడ చూసినా ర్యాంకులే. ఆ వీధుల్లో పదేళ్లుగా తిరుగుతున్నదాన్ని. అంకె ఎంత చిన్నదైతే మనిషి అంత గొప్ప అని నా బుర్రలో ముద్ర పడిపోయింది. ఒకటో ర్యాంకువాడి ఫొటో నిలువెత్తున ఉంటుంది, నూరో ర్యాంకువాడిది తపాలా బిళ్లంత. అందుకే ఆ రెండు రిపోర్టులు చూడగానే నాకు ర్యాంకులే కనబడ్డాయి. ఆమె నా కన్నా పైన ఉంది.

మాది నల్లగొండ వైపు. మా అత్తవారిదీ అటే. కింది పోర్షన్‌లో మేమూ మా అత్తమ్మా, పైన మా మరిదీ అతని భార్యా, వంట మాత్రం ఒక్కచోటే. మా మరిది ఆఫీసులో చూసి ఇష్టపడి చేసుకున్నాడు ఆమెను. వాళ్లది గుంటూరు, ఇక్కడ కొత్తపేటలో ఇల్లు కొనుక్కుని చాలా ఏళ్లయింది. మనిషి తెల్లగా, నెమ్మదిగా ఉంటుంది, ప్రతి మాటకూ "అక్కా" అంటుంది. నేను ఆ ఇంటికి వచ్చిన రెండేళ్లకు వచ్చింది. పెళ్లి మాటలప్పుడు అమ్మాయికి థైరాయిడ్ ఉందట, డిగ్రీలోనే వచ్చిందట అని మా ఆడబిడ్డ నసిగితే, పెద్ద మనసున్నదానిలా "ఈ రోజుల్ల ఎవరికి లేదు" అన్నాను. అప్పటికి నాకూ అదే ఉందని తేలి నెల కాలేదు. పెళ్లయి పిల్లలు లేరని పరీక్షలు చేయిస్తే ఏడు పాయింట్ ఆరు అని వచ్చింది. నిజం చెప్పాలంటే, ఆమెకూ ఉందని వినగానే నాకు ఊరటగా అనిపించింది. ఆమెకూ ఆలస్యమవుతుంది, ఇద్దరం కలిసి మోస్తాం అనుకున్నాను. తోడు కావాలనుకోవడం తప్పు కాదు. కానీ నేను కోరుకున్న తోడు అలాంటిది.

మా ఇంట్లో మందులన్నీ ఫ్రిజ్ మీద ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. మా అత్తమ్మ బీపీ గోళీలు, మా ఆయన గ్యాస్ గోళీలు, మా ఇద్దరి థైరాయిడ్ సీసాలు. నా సీసా మీద డోసు యాభై అని, ఆమె సీసా మీద వంద అని రాసి ఉండేది. రెంటిలోనూ మినప్పప్పు గింజంత తెల్ల గోళీలే. మూత తీసి చేతిలో పోసుకుంటే ఏది ఎవరిదో చెప్పలేం.

నాలుగు పాయింట్ ఒకటి వచ్చిన మర్నాడు, రిపోర్టు పట్టుకుని కొత్తపేటలో నేను చూపించుకునే థైరాయిడ్ డాక్టరమ్మ దగ్గరికి హుషారుగానే వెళ్లాను. రిపోర్టులో అచ్చు వేసిన హద్దు నాలుగు పాయింట్ రెండు. నేను లోపలే ఉన్నాను. అంతకుముందు నా అంకె పక్కన, ఎక్కువైందని చెప్పడానికి లావుగా ఉండే ఇంగ్లీషు హెచ్ అక్షరం కూడా లేదు. డాక్టరమ్మ కళ్లజోడు పైకి తోసుకుని చూసి, "మామూలు మనిషికైతే ఇది సరిపోతుందమ్మా. మీరు పిల్లల కోసం చూస్తున్నారు కదా, రెండున్నర లోపు ఉంటే మంచిది" అంది. అంటే పాస్ మార్కు వేరు, కటాఫ్ వేరు. ఈ సంగతి రోజూ పిల్లలకు చెప్పేదాన్ని నేనే.

"మరి డోసు పెంచండి మేడం" అన్నాను.

"తొందరపడొద్దు. ఇది ఇవాళ వేసుకుంటే రేపు తగ్గేది కాదు. ఇంకో ఆరు వారాలు ఇదే వాడండి. అప్పుడు చూసి పెంచాలా వద్దా చూద్దాం."

ఆరు వారాలు. ఆమెది ఒకటి పాయింట్ తొమ్మిది, నన్నేమో ఆరు వారాలు ఆగమంటున్నారు. మెట్రోలో ఇంటికి వస్తూ ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంత, ఎన్ని రెట్లు, ఎంత శాతం అని లెక్క కట్టాను. లెక్కల టీచర్‌కు కుళ్లు పుడితే అదీ దశాంశాలతోనే పుడుతుంది.

ఆ తర్వాత మూడు వారాలకు ఒక మధ్యాహ్నం, నేను క్లాసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే మా అత్తమ్మ వంటింట్లోకి రమ్మని సైగ చేసింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఊరికే స్టవ్ తుడుస్తూ, నా ముఖం వైపు చూడకుండా చెప్పింది.

"నీ యారాలు నెల తప్పింది బిడ్డా. పొద్దుగాల దవాఖానల చూపిచ్చుకొచ్చిర్రు. నువ్వు మనసుల ఏం పెట్టుకోకు. దేవుడు నిన్నూ సూస్తడు."

"మంచి ముచ్చటే గదా అత్తమ్మా. నేనెందుకు మనసుల పెట్టుకుంట?" అన్నాను.

పైకి వెళ్లి ఆమెను దగ్గరికి తీసుకున్నాను. నోట్లో చక్కెర పోశాను. కిందికి వచ్చి బాత్రూంలో నల్లా తిప్పి, బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్నా అలాగే కూర్చున్నాను. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా అమ్మ ఎప్పుడూ అనేది. ఆ సామెతలో చెవుల గురించి ఎవరూ ఆలోచించరు.

ఆ రోజు నుంచి నేను ఆమె మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఇంకో మాట లేదు దీనికి. పొద్దున పైన ఆమె వాంతి చేసుకునే చప్పుడు వినబడేది. నేను కింద పళ్లు తోముకుంటూ బ్రష్ ఆపి మరీ వినేదాన్ని. వాంతుల మీద కూడా అసూయ పడతారా అంటే, నేను పడ్డాను. ఆమె గోంగూర అడిగితే మా అత్తమ్మ మోకాళ్ల నొప్పులు మరిచిపోయి కొత్తపేట రైతు బజారుకు పోయి పుల్లగా ఉన్నదే ఏరి తెచ్చేది. అంతకుముందు ఆ మనిషి నాకోసం కూడా అలాగే తిరిగింది. అది నాకు అప్పుడు గుర్తు రాలేదు. తోటికోడలి పుట్టింటివాళ్లు ఆదివారం వచ్చి "మా అమ్మాయి జాగ్రత్తండీ వదిన గారూ" అంటే, మా అత్తమ్మ "మా బిడ్డ గాదా" అనేది. నేను చాయ్ గ్లాసులు సింకులో కొంచెం గట్టిగానే వేసేదాన్ని.

ఆమె మాత్రం మారలేదు. అదే "అక్కా", అదే నెమ్మది. నా ముందు వాంతి వస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు పోయేది, నన్ను బాధపెట్టకూడదని. ఆ జాలి చూస్తే నాకు ఇంకా మండేది.

ఇక్కడ మా దిల్‌సుఖ్‌నగర్ అలవాటొకటి చెప్పాలి. ఉద్యోగం వచ్చినవాళ్ల నోట్సుకు మా దగ్గర మహా గిరాకీ. లిస్టు వచ్చిన రోజే హాస్టళ్లకు జనం ఎగబడతారు. అన్నా, నీకు ఇంక పని లేదుగా, మాకివ్వు అని. పాసైనవాడికి పుస్తకంతో పనేముంది? ఇచ్చేస్తాడు. తీసుకున్నవాడు అందులో ఏముందో కూడా చూడకుండా తల కింద పెట్టుకుని పడుకుంటాడు. ఆ నోట్సుతో పాటు అదృష్టం కూడా చేతికొస్తుందని నమ్మకం. పిచ్చి నమ్మకమని క్లాసులో నేను ఎన్నోసార్లు వెక్కిరించాను.

ఒక శనివారం మధ్యాహ్నం అత్తమ్మ గుడికి పోయింది. తోటికోడలు పైన నిద్రపోతోంది. నేను అన్నం తిని ఫ్రిజ్ తలుపు తీయబోయి, పైన డబ్బా వైపు చూశాను. ఆమె లక్ష్యం ఆమెకు దక్కింది. ఇంక ఆమెకు ఆ వంద గోళీలతో పనేముంది? ఇన్నేళ్లు వేసుకుంది, అంకె తగ్గింది, కడుపు పండింది. మిగిలినవి నాకు పనికొస్తాయి. నేను అనుకున్నది అక్షరాలా ఇదే. ఎవరికీ కీడు చేస్తున్నానని అనుకోలేదు. చేస్తున్నానేమో అని అడగాల్సినంత సేపు అక్కడ నిలబడనూ లేదు.

ఆమె సీసాలోంచి నలభై అయిదు లెక్కపెట్టి తీశాను. సీసా వెలితిగా కనబడుతుందని నా సీసాలోంచి నలభై అయిదు లెక్కపెట్టి ఆమె సీసాలో పోశాను. ఆమెవి నా సీసాలో పోసుకున్నాను. మొత్తం అయిదు నిమిషాల పని.

గోళీ ఒక్కటే కాదు, ఆమె పద్ధతి కూడా తీసుకున్నాను. ర్యాంకర్ టైం టేబుల్ లాగా. అప్పటిదాకా నేను పొద్దున ఆరింటికి అత్తమ్మ ఇచ్చే చాయ్‌తోనే గోళీ వేసుకునేదాన్ని. నేను గోళీలు మొదలుపెట్టిన కొత్తలోనే ఆమె పెట్టిన నియమం అది. "పరగడుపున ఉత్త నీళ్లతోని ఏస్కుంటే కడుపుల తిప్పుతది బిడ్డా. జర చాయ్ తాగుకుంట ఏస్కో" అని మంచం దగ్గరికే తెచ్చిచ్చేది. తోటికోడలేమో తెల్లారగట్ల నీళ్లతో వేసుకుని, గంట దాకా కాఫీ చుక్క ముట్టదు. కోస్తావాళ్ల పట్టింపులు అనుకునేదాన్ని. ఇప్పుడు నేనూ అయిదింటికి లేచి ఉత్త నీళ్లతో మింగి, అత్తమ్మ తెచ్చిన చాయ్‌ను చల్లారబెట్టి పారబోసేదాన్ని.

మూడు వారాలకు నాకు ఒంట్లో ఏదో కొత్త హుషారు. నిద్ర తక్కువైంది, పని ఎక్కువైంది. చీరలన్నీ తీసి మళ్లీ మడతపెట్టాను. మెట్లెక్కితే గుండె దడదడ కొట్టుకునేది, అదీ మంచికే అనుకున్నాను. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే ముందు బెంచి అమ్మాయి, "మేడం, మీ సున్నాలు వంకర వస్తున్నయ్" అంది. చూసుకుంటే వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. చాక్‌పీసు బాగోలేదన్నాను.

గోళీలు మార్చుకుని ఆరు వారాలు నిండేదాకా డాక్టరమ్మ దగ్గరికి పోలేదు. నిండిన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ల్యాబుకు వెళ్లి రక్తం ఇచ్చాను. ఇంటికి వచ్చి తీసుకునే అమ్మాయి వద్దనుకున్నాను, ఈసారి ఫలితం ముందు నేనొక్కదాన్నే చూసుకోవాలి. సాయంత్రం క్లాసు మధ్యలో ఫోను మోగింది. పిల్లలకు ఒక లెక్క ఇచ్చి, బల్ల చాటున తెరిచాను.

సున్నా పాయింట్ సున్నా ఎనిమిది.

నా జీవితంలో నాకు ఫస్టు ర్యాంకు ఎప్పుడూ రాలేదు. ఆ రోజు వచ్చిందనుకున్నాను. ఒకటి పాయింట్ తొమ్మిది ఎక్కడ, సున్నా పాయింట్ సున్నా ఎనిమిది ఎక్కడ. అంకె పక్కన ఈసారి ఇంగ్లీషు ఎల్ అక్షరం ఉంది. అది కూడా మంచి గుర్తే అనుకున్నాను, తక్కువ అంటే ముందున్నట్టే గదా. ఆ సాయంత్రం అరకిలో బాదుషా కొని ఇంటికి తీసుకెళ్లాను. ఎందుకని అడిగితే ఊరికే అన్నాను. తోటికోడలికి నా చేత్తో ఒకటి తినిపించాను. ఆ పిల్ల పాపం సంతోషంగా తింది.

మర్నాడు డాక్టరమ్మ ముందు ఆ కాగితం పెట్టి, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆమె కాగితం చూసి నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. చేతులు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టింది. కాగితం అంచులు వణికాయి.

"ఇదేంటమ్మా, ఇంత కిందికి పోయింది?"

"కిందికి పోతే మంచిదే గదా మేడం?"

"మీరు కోచింగ్‌లో చెప్తారు కదూ" అని కాగితం వెనక్కి తిప్పి ఒక తలా, ఒక మెడా గీసింది. "ఇది ర్యాంకు కాదు. టీఎస్‌హెచ్ మీ గొంతులో తయారవదు, తలలో తయారవుతుంది. గొంతులో గ్రంథి బద్ధకంగా ఉంటే, పని చెయ్యి పని చెయ్యి అని పైనుంచి కేక వస్తుంది. కేక ఎంత పెద్దదో ఈ అంకె అంత పెద్దది. మందు అవసరానికి మించి పడితే కేకే ఆగిపోతుంది. మీకు ఇప్పుడు ఆగిపోయింది. గుండె దడ, చేతుల వణుకు అందుకే. ఇలా ఉండగా కడుపు నిలిచినా మంచిది కాదు. మళ్లీ సర్దుకోవడానికి ఇంకో రెండు నెలలు."

ఇంకో రెండు నెలలు అన్న మాట దగ్గర నా సంతోషమంతా అయిపోయింది.

"యాభైయే వాడుతున్నారా?"

"యాభైయే."

"ఎలా వేసుకుంటున్నారు?"

"పొద్దున నీళ్లతోని. ఇంతకుముందు చాయ్‌తోని ఏస్కునేదాన్ని."

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసింది. "టీతోనా? ఇన్నాళ్లూ? టీతో వేసుకుంటే మందు సగం ఒంటికి పట్టదమ్మా. ముందే చెప్తే ఆ యాభై సరిగ్గా సరిపోయేది." మళ్లీ పెన్ను తీసింది. "సరే, నీళ్లతో వేసుకునేసరికి ఇంత తగ్గిందంటే యాభై కూడా మీకు ఎక్కువే. పాతిక రాస్తున్నాను."

ఆమె రాస్తోంది. నా కళ్ల ముందే తప్పు లెక్క ఒకటి తయారవుతోంది. నేనిచ్చిన తప్పు అంకెతో. క్లాసులో పిల్లలు అంకె తప్పు వేసుకుని జవాబు రాలేదంటే నేను ఎంత తిడతానో నాకు గుర్తొచ్చింది.

"మేడం, యాభై కాదు. వంద" అన్నాను.

అంతా చెప్పాను. నోట్సు సంగతి తప్ప. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"ఆవిడకు ఎన్నో నెల?"

"మూడు నిండుతున్నయ్."

"మీవి ఆమె సీసాలో పైనే ఉన్నాయా?"

అప్పటిదాకా అది నాకు తట్టనే లేదు. సీసాలో పోసింది పైనుంచి. ఆమె తీసుకునేదీ పైనుంచే. అంటే నెలన్నరగా ఆ పిల్ల మింగుతున్నది నా యాభైలే.

"కడుపుతో ఉన్నప్పుడు డోసు పెంచాలమ్మా, తగ్గించడం కాదు" అంది డాక్టరమ్మ. "మొదటి నెలల్లో బిడ్డకు సొంత గ్రంథి పనిచెయ్యదు. తల్లిదే ఆధారం. బిడ్డ మెదడు తయారయ్యేది దాని మీదే. ఇక్కడ కూర్చోకండి, ఇంటికి వెళ్లి ఆమెను ఇవాళే పరీక్ష చేయించుకోమనండి."

నా క్లాసు ఎగ్గొట్టి మెట్రో ఎక్కాను. కొత్తపేట నుంచి ఎల్బీనగర్ ఎంతసేపు, కూర్చునేలోపు దిగేయాలి. ఆ కాసేపట్లోనే ఇంట్లో చెప్పడానికి నాలుగు అబద్ధాలు తయారుచేసుకున్నాను. మందుల షాపువాడు తప్పు ఇచ్చాడని, అత్తమ్మ డబ్బా దులుపుతూ కలిపేసిందని. అత్తమ్మ మీదికి నెట్టేది బాగా అతికేట్టు కూడా ఉంది. ఆఖరి స్టేషన్ వచ్చింది, అందరూ దిగారు, నేనూ దిగాను.

ఆమె పైన బట్టలు మడతపెడుతోంది. "ఏంటక్కా, అప్పుడే వచ్చేశారు? క్లాసు లేదా?" అంది.

నిలబడే చెప్పాను. "నీ గోళీలు నేను తీసిన. నలభై అయిదు. నావి నీ సీసాల ఏసిన. నావి సగం పవరే. నీకు పని అయిపోయింది గదా అనుకున్న."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చెయ్యి పొట్ట మీదికి పోయింది. నేను చూస్తుండగానే ఆమె ముఖంలోంచి ఆ నెమ్మదితనం వెళ్లిపోయింది, ఇన్నాళ్లూ నాకు గిట్టనిది అదే.

"ఎప్పుడు?"

"నీకు రెండో నెలల. అత్తమ్మ గుడికి పోయిన శనివారం."

"నేను పైన పడుకున్నప్పుడా?"

"ఆఁ."

ఆమె ఏడుస్తుందనీ తిడుతుందనీ అనుకున్నాను. ఆమె కిందికి దిగి ఫ్రిజ్ మీద డబ్బాలోంచి తన సీసా తీసింది. ఏది ఏదో తెలియదు కనుక మొత్తం చెత్తబుట్టలో వంపేసింది. అత్తమ్మ, "ఏంది, గోళీలు పారేస్తున్నవ్?" అని అడిగింది. "డేటు అయిపోయిందత్తయ్యా" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగి మెల్లిగా, అత్తమ్మకు వినబడకుండా అంది.

"అడిగితే చెప్పేదాన్ని కదక్కా, ఎవరి డోసు వాళ్లదని. డిగ్రీ నుంచి మింగుతున్నాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా ఆమె నన్ను రానివ్వలేదు. రక్తపరీక్షకు మా మరిదితోనే వెళ్లింది. ఆరు పాయింట్ నాలుగు వచ్చింది. ఆ అంకె నాకు ఎవరూ చెప్పలేదు, మా ఆయన వాట్సాప్‌లో చూశాను. ఆమెను చూసే డాక్టరు డోసు పెంచిందట. కడుపుతో ఉన్నవాళ్లలో చాలామందికి ఎలాగూ పెంచాల్సి వస్తుంది, గోళీలు మారడం వల్ల ఎంత, కడుపు వల్ల ఎంత అని విడదీసి చెప్పలేం అందట. స్కాను బాగానే ఉందట. గోళీలు ఎలా మారాయంటే ఇంట్లో పొరపాటున కలిసిపోయాయని చెప్పిందట. ఎవరి పొరపాటో చెప్పలేదు. ఆ దయ నా మీద ఇవాళ్టికీ ఉంది, ఆ బరువు కూడా.

విడదీసి చెప్పలేం. లెక్కల మనిషికి ఇంతకన్నా శిక్ష ఉండదు. ఆరు పాయింట్ నాలుగులో నా వాటా ఎంత? ఎన్ని రాత్రులు వేసినా ఆ లెక్క తెగలేదు.

ఆ తర్వాతి నెలల్లో నా కుళ్లు పోయిందని చెప్తే అబద్ధం. సీమంతంలో ఆమె చేతుల నిండా గాజులు తొడుగుతుంటే నాకు గుండెల్లో అదే పాత మంట. కానీ దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. ఎవరైనా పేరంటాలు "బిడ్డ తెలివైనది పుట్టాలి" అని దీవిస్తే నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ఇంట్లో మెదడు అన్న మాట వినబడితే నేను తల దించుకునేదాన్ని. ఆమె దగ్గరున్నదాని మీద అసూయ, దానికేమైనా అవుతుందేమోనన్న భయం, రెండూ ఒకే మనిషిలో ఎలా పడతాయో నాకు తెలియదు. నాలో పట్టాయి.

తొలి కాన్పు పుట్టింట్లో. కొత్తపేటలోనే ఒక ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు పాప మడమ మీద సూదితో పొడిచి రక్తపు చుక్క తీసుకున్నారు. పుట్టిన పిల్లలకు థైరాయిడ్ ఉందో లేదో చూసే పరీక్ష అట. రిపోర్టు ఎవరు తెస్తారన్న మాట వచ్చినప్పుడు నేను తెస్తానన్నాను, కోచింగ్ నుంచి దగ్గరే గదా. మంచం మీద ఆమె నా వైపు చూసింది. వద్దనలేదు.

కాగితం కౌంటర్ దగ్గరే విప్పాను. టీఎస్‌హెచ్ అయిదు పాయింట్ రెండు.

నాకు తెలిసిన హద్దు నాలుగు పాయింట్ రెండు. నేను చేసిందే ఈ అంకె అనుకున్నాను. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, నా తిక్కకు ఆ పసిగుడ్డు జీవితాంతం గోళీలు మింగుతుందా, బడిలో వెనకబడుతుందా అని ఏడ్చాను. అప్పుడు మొక్కుకున్నాను. నాకు పిల్లలు ఇవ్వకపోయినా సరే అని మొక్కుకోలేదు, అంత మంచిదాన్ని కాను. ఈ పాపను మాత్రం వదిలెయ్ అని మొక్కుకున్నాను. నా అంకె కాని అంకె కోసం దేవుణ్ణి అడగడం అదే మొదటిసారి.

తర్వాత నాకు నా సున్నా పాయింట్ సున్నా ఎనిమిది గుర్తొచ్చింది. అంకెను ఒంటరిగా చదివి ఒకసారి బాదుషా పంచినదాన్ని. లేచి కాగితం తీసుకుని పిల్లల డాక్టరు గది ముందు నిలబడ్డాను. ఆయన ఒక్క చూపు చూసి, "బాగుందమ్మా" అన్నాడు.

"అయిదు దాటింది గద సార్?"

"అది పెద్దవాళ్ల హద్దు. పుట్టిన పిల్లలకు వేరే హద్దు ఉంటుంది. కింద రాసుంది చూడండి. పాపకు ఏ భయం లేదు."

కింద సన్నటి అక్షరాల్లో నిజంగానే ఉంది. గదిలోకి వెళ్లి తోటికోడలికి కాగితం ఇచ్చాను. "నార్మలే. డాక్టర్‌ను అడిగిన. నేను సొంతంగ చెప్తలేను" అన్నాను. ఆమె కాగితాన్ని రెండుసార్లు చదివి దిండు కింద పెట్టుకుంది. "థాంక్స్ అక్కా" అంది. అక్కా అని విని ఆరు నెలలైంది.

ఇప్పుడు పాపకు ఏడో నెల. బోర్లా పడుతోంది, పిలిస్తే చూస్తోంది, నా గాజులు లాగుతోంది. నా టీఎస్‌హెచ్ రెండు పాయింట్ రెండు. యాభై గోళీతోనే, ఉత్త నీళ్లతో. అత్తమ్మ ఇప్పుడు ఆరున్నరకు తెస్తుంది చాయ్, "గంటైందా బిడ్డా?" అని అడిగి మరీ ఇస్తుంది. అంకె సరిపోయింది, కడుపు ఇంకా నిలవలేదు. రెండున్నర లోపు ఉంటే మంచిదని మాత్రమే ఆ డాక్టరమ్మ అంది, అదొక్కటే చాలని నేనే అనుకున్నాను. పైన పాప ఏడిస్తే ఇప్పటికీ నా చెవులు ముందు అసూయతోనే నిక్కుతాయి, తర్వాతే ప్రేమతో.

తోటికోడలు పొద్దున స్నానానికి పోతూ పాపను తెచ్చి నా ఒళ్లో పడుకోబెడుతుంది. పాలు తుడిచే గుడ్డ, గిలక్కాయ, అన్నీ పక్కన పెడుతుంది. పాపను ఎలా ఎత్తుకోవాలో కూడా నాకు చెప్పదు, నా మీద అంత నమ్మకం. ఫ్రిజ్ మీద డబ్బాలో ఇప్పుడు నా సీసా ఒక్కటే ఉంటుంది. ఆమెది పైన బీరువాలో ఉంటుంది. పాపను నా ఒళ్లో పెట్టి పోయేటప్పుడు, ఆ బీరువా తాళం చెవి మాత్రం తనతో తీసుకుపోతుంది.